నాకు సరిపడిన రక్తం

భీమవరం

మావయ్య గారికి,

మీ మేనకోడలు బాగానే ఉంది, కంగారు పడకుండా చదవండి.

తలసీమియాతో పుట్టిన నేను ఇన్నాళ్ళూ మీరూ, మన చుట్టాలూ ఇచ్చిన రక్తంతోనే పెరిగాను. ఇకపై మీ ఎవ్వరిదీ నాకు ఎక్కించకూడదట. గ్రూపు ఒకటే అయినా మీ రక్తకణాల మీద నాకు లేని గుర్తేదో ఉందట. నా ఒంట్లోని కాపలావాళ్ళు దాన్ని పరాయిదని గుర్తుపెట్టుకుని తిరగబడుతున్నారట.

"సొంత మేనమామ రక్తం పరాయిదెలా అవుద్దండీ?" అని అమ్మ వాదించింది.

"కణాలకి చుట్టరికాలు తెలీవమ్మా" అన్నారు డాక్టరు గారు. ఆ మాట నాకు భలే నచ్చింది.

మొన్న మీరు ఆసుపత్రి నుంచి వెళ్ళాక రక్తపరీక్షకు వచ్చినవాళ్ళలో ఒక్కరిదే నాకు సరిపోయింది. ఆయన మీ పక్క రొయ్యల చెరువు నాగేశ్వరప్రసాద్ గారు. కాలవ నీళ్ళ గొడవతో మీరిద్దరూ మాట్లాడుకోవడం మానేశారని తెలుసు. ఆయనేమో, "ఇస్తానమ్మా, కానీ మీ మావయ్యకి తెలీకుండా ఇస్తే బాగోదు" అన్నారు.

సోమవారం నుంచి నాకు ఇంటర్ పరీక్షలు. ఆలోగా రక్తం ఎక్కకపోతే పెన్ను పట్టే ఓపిక కూడా ఉండదు. అందుకని శుక్రవారం ఆయన్ని మీ బండి మీద ఆసుపత్రికి తీసుకురండి. దారంతా మాట్లాడక్కర్లేదు. గుంతలొచ్చినప్పుడు మాత్రం, "గట్టిగా పట్టుకోండి" అనండి చాలు.

ఎదురుచూస్తూ,
మీ మేనకోడలు