మీరడిగిన చొక్కా

సనావుల్లా సాబ్‌కు నమస్తే.

మనకు వీసా ఇచ్చిన అరబ్బు కఫీల్ ఇంట్లో పెత్తనం చేసే ముదీర్ మీరు, ఆయన చీతా బోను కడిగినవాణ్ని నేను. నాకు కబురు పెట్టారంటే ఆశ్చర్యమే. నేను పని మానేసిన నాలుగు రోజుల నుంచి చీతా మాంసం ముట్టడం లేదట. నా చెమట వాసన తగిలితే తింటుందేమో, ఉతకని చొక్కా ఒకటి పంపమన్నారని మీ దగ్గర పనిచేసే మల్లేశ్ చెప్పాడు.

ఆ చెమట కంపు కొడుతోందనే కదా నన్ను మీ వంటింటి గడప తొక్కనివ్వలేదు!

మా అమ్మ పోయిన రోజు సెలవు కోసం మీ కాళ్లు పట్టుకున్నాను. "పోయినామె ఎట్లాగూ రాదు గదబ్బా! నువ్వు పోతే ఈడ చీతా పస్తుంటాది. ఖలాస్, పని చూసుకో" అన్నారు. నేను పెట్టాల్సిన కొరివి మా బావ పెడుతుంటే బోనులో నిలబడి ఫోన్లో చూశాను. రెండో చేతిలో చీతాకు వేయాల్సిన కోడి ఉంది.

చొక్కా పంపుతున్నాను. మూడుసార్లు ఉతికి, డెటాల్‌లో నానబెట్టి, ఇస్త్రీ కూడా చేయించాను.

చీతా మీద నాకు కోపం లేదు. అది పస్తుండదు. అడవి జంతువును ఇంట్లో పెంచడం ఇక్కడ నేరమట. అధికారులకు విల్లా నంబరు, ఫోటోలు ఇచ్చాను. తాళంచెవి ఎవరి దగ్గరుంటుందని అడిగితే మీ పేరు చెప్పాను. ఈ ఉత్తరం అందేలోపే వచ్చి దాన్ని తీసుకుపోతారు.

పోయిన చీతా ఎట్లాగూ రాదు గదా సాబ్. ఖలాస్, పని చూసుకోండి.

ఇట్లు,
సమ్మవ్వ కొడుకు