కుర్చీలోంచి అయిదుసార్లు

నరసాపురం,
ఆదివారం.

నా బంగారు తల్లి ఆశాజ్యోతికి,

అమ్మ దీవించి రాసేది. ఇక్కడ నేనూ నాన్నా దేవుని కృపలో ఉన్నాం. సరిహద్దు డ్యూటీలో, ఆ చలిలో నువ్వు క్షేమంగా ఉన్నావని తలుస్తాను. కొండ మీద సిగ్నల్ లేదని రాశావు. ఒకందుకు అదే నయమైంది. ఈ సంగతులు ఫోనులో నేను చెప్పలేను.

నా లేసు అల్లిక ఎలా సాగుతోందని అడిగావు. కళ్లజోడు మార్పించుకున్నాను, బాగానే కనిపిస్తోంది. చర్చి బల్ల మీదికి గుడ్డ అల్లుతున్నాను. అంచు మిగిలింది.

నాన్న ఆపరేషన్ డేట్ ఎప్పుడని కూడా అడిగావు. మొదటినుంచీ చెబుతాను. ఓపిగ్గా చదువు.

గుండె కవాటం మార్చడానికని రాజమండ్రి వెళ్లాం కదా. డాక్టర్ సత్యవాణి గారు ముందు నాన్న చేతికి పట్టు బలం కొలిచే పరికరం ఇచ్చి గట్టిగా పిండమన్నారు. ముప్పయ్యేళ్లు రేవులో పంటు పడవ తాళ్లు లాగిన చెయ్యి అది. ముల్లు కొంచెమే కదిలింది. తర్వాత చేతులు ఆనించకుండా కుర్చీలోంచి అయిదుసార్లు లేవమన్నారు. రెండోసారికే రొప్పు వచ్చేసింది. మూడోసారి నన్ను చూసి నవ్వబోయారు గానీ లేవలేకపోయారు.

“దీనమ్మ గారూ, ఆరోన్ గారికి కండ బాగా పోయిందండి. ఇప్పుడు ఆపరేషన్ చేస్తే తట్టుకోవడం కష్టం. ఆపరేషన్ అయ్యి గొంతులో గొట్టం తీశాక సొంతంగా ఊపిరి పీల్చడానికి కూడా కండ కావాలి కదండీ,” అన్నారావిడ.

“బరువు తగ్గితే మంచిదే కదండీ? డెబ్బై నాలుగు నించి యాభై ఎనిమిదికి వచ్చారు. ఒంట్లో నీరు పోతోందనుకున్నాం,” అన్నాను.

“నీరు కొంతేనమ్మా. మిగతాది కండ.”

నువ్వు కొండ మీదికి వెళ్లకముందు ప్రతి ఆదివారం బరువు చూసి నీకు ఫోనులో చెప్పేదాన్ని, ఇద్దరం సంతోషపడేవాళ్లం. నువ్వు బాధపడకు, నీకేం తెలుసు. నేను కదా దగ్గరున్నది. ఉప్పు తగ్గించమంటే, భయంతో చేపలూ గుడ్లూ కూడా మానిపించేశాను. రెండు ముద్దలు తిని చాలంటే కంచం తీసేసేదాన్ని. రేవు దాకా నడిచొస్తానంటే గుండెకి శ్రమని కసిరి పడుకోబెట్టేదాన్ని. “ఈ జబ్బే కండని తినేస్తుందండి, మీ తప్పు కాదు,” అన్నారు డాక్టర్ గారు. ఆ మాట రోజూ తలుచుకుంటాను. నమ్మడం మాత్రం నా వల్ల కావడం లేదు.

బలం పుంజుకోవడానికి ఎనిమిది వారాలు గడువిచ్చారు. పూటపూటా గుడ్డో చేపో పెట్టాను. కొద్దికొద్దిగా నడిపించాను. పొద్దున్నే కుర్చీలోంచి లేవడం సాధన చేసేవారు. నాలుగో వారానికి మూడుసార్లు లేచారు. పాస్టరు గారు వస్తే ఆయనకీ లేచి చూపించారు! ఆరో వారంలో ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. పది రోజులు ఆసుపత్రి మంచం మీదే ఉన్నారు. సంపాదించుకున్న బలమంతా ఆ పది రోజుల్లో పోయింది.

తల్లీ, నీకు చెప్పకుండా దాచింది ఇప్పుడు చెబుతున్నాను. ఆపరేషన్ ఇక లేదు. డాక్టర్ గారు నన్ను బయటికి పిలిచి, “ఆపరేషన్ బల్ల మీదే ప్రాణం పోయే ప్రమాదం ఎక్కువండి. మందులతోనే చూద్దాం. ఇంటి దగ్గర ఆయనకి నచ్చినట్టు ఉండనివ్వండి,” అన్నారు. ఎన్నాళ్లండీ అని అడిగాను. నెలలు అన్నారు. సంవత్సరం అన్న మాట ఆవిడ నోట రాలేదు.

నాన్నకి మాత్రం వాయిదా పడిందని అబద్ధం చెప్పాను. ఇంటికొచ్చిన మర్నాటినుంచే మళ్లీ కుర్చీ దగ్గర మొదలుపెట్టారు. ఆయన “ఒకటి” అని లెక్కపెడుతుంటే వినలేక, వంటింట్లో కుళాయి విప్పుకుని నిలబడేదాన్ని. పదహారు రోజులు అలాగే గడిపాను.

ఇవాళ పొద్దున మోకాళ్లు వణికి పడబోయారు. పరిగెత్తి పట్టుకున్నాను. ఇక ఆగలేకపోయాను.

“ఇంక చాలించండి. ఆపరేషన్ లేదండి. మీకు అబద్ధం చెప్పాను,” అన్నాను.

ఆయన ఊపిరి కూడదీసుకుని, “తెలుసే. ఆ రోజు నువ్వు గదిలోకి వచ్చినప్పుడే తెలిసింది,” అన్నారు.

“మరెందుకండీ ఈ అవస్థ?”

“అమ్మాయి వస్తది కదే. మంచంలో చూస్తే బెంగెట్టుకుంటది. అది గుమ్మంలోకి రాగానే నేను లేచి ఎదురెళ్లాలి.”

మీ పైఅధికారికి ఈ ఉత్తరం చూపించి సెలవు అడుగు. ఇవాళ నాన్న ఒక్కసారే లేవగలిగారు. త్వరగా రా తల్లీ.

ఇట్లు,
నీ దారి చూస్తున్న అమ్మ,
దీనమ్మ