తీసిన చీటీ

శుక్రవారం, ఎమ్మిగనూరు

ఆదోని డాక్టరమ్మ మాట ఇంకా గుండెల్లో కలుక్కుమంటూనే ఉంది. నేను చేసుకున్నది మేనమామను. మా ఇద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉందట. కడుపులో ఉన్న బిడ్డకూ మా కూతురు పద్మలాగే పుట్టు చెవుడు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి అంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అవ్వ నా చేయి పట్టుకుంది. అత్తయినా ఆమె నాకు అవ్వే.

"నాలుగింట్లో ఆ ఒకటీ పద్మకు వచ్చేసింది కదమ్మా. ఇంగ మూడూ మంచివే. ఎందుకు బయపడ్తావు?" అంది.

"అట్ల కాదవ్వా. డబ్బాలో నాలుగు చీట్లున్నాయనుకో. తీసిన చీటీ మళ్లా డబ్బాలోనే ఏస్తారు. ప్రతి కాన్పుకూ మళ్లా నాలుగూ ఉంటాయి."

"దేవునికి ఆమాత్రం న్యాయం లేదా?" అని కిటికీ వైపు తిరిగింది.

ఒళ్లు మండింది. ఈ సంబంధానికి పట్టుబట్టింది తనే. మరి నేను? ఆమెకు అంత చెప్పి, దారి పొడుగునా ఆ మూడు చీట్లనే తలుచుకుంటూ కూర్చున్నాను. అసలు ఈ బిడ్డ చీటీ ఎప్పుడో తీసేశారు. మడత విప్పేది మాత్రం కాన్పు తర్వాతే.

సాయంత్రం దీపం పెట్టి అవ్వ పైకే మొక్కుకుంది.

"సామీ, ఈ బిడ్డన్నా పద్మ మాదిరి కాకుండా సూడప్పా."

పక్కనే కూర్చున్న పద్మ అవ్వ పెదవుల వైపు చూసింది. తనూ కళ్లు మూసుకుని, చేతులు జోడించి, అచ్చం అలాగే పెదవులు కదిపింది.