తలుపులో పట్టని చేప

పాస్టరుగారి ఒక్కగానొక్క కొడుకుని, వయసు ఇరవై ఏడు, ఎమ్మే పాసై కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి బతుకుతున్న అవివాహితుణ్ణి అయిన నేను, గుండె జబ్బుల ఆసుపత్రిలో కిటికీ పక్క మంచం మీద కూర్చుని, ఒకరు చెబితే కాకుండా నా అంతట నేను రాసుకుంటున్న వీలునామా ఇది.

నా బుద్ధి స్థిరంగానే ఉంది. ఈ విషయంలో మా నాన్నగారి అభిప్రాయం వేరని నాకు తెలుసు. స్థిరంగా లేనిది గుండె. అందులో ఒక కవాటం సరిగ్గా మూసుకోదట. రేపు పొద్దున్న గుండెను కాసేపు ఆపి, బాగుచేసి, మళ్ళీ నడిపిస్తారట. ఆ తరవాత మూడు రోజులు ఐసీయూలో గొట్టాల మధ్య, పగలో రాత్రో తెలియకుండా పడి ఉండాలట. ఇదంతా చెబుతున్నంతసేపూ డాక్టరుగారు కుళాయికి వాషరు మార్చే మనిషిలా నిమ్మళంగా ఉన్నారు. ఆ మాటే ఆయనతో అని ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన వెళ్ళిపోయాక కూడా కాసేపు నవ్వాను గాని, ఒక్కణ్ణే నవ్వితే బాగుండదని ఆపేశాను.

ఈ పత్రంలో చట్టం మాటలు ఎక్కడైనా బరువుగా తగిలితే, అవి పక్క మంచం ప్లీడరు గుమాస్తాగారు అరువిచ్చినవి. వెటకారం మాత్రం నా స్వార్జితం.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా షాపు ఓనరుగారిది. నేనిక్కడున్నానని తెలిసిన మనిషి ఆయనొక్కరే. ఇంట్లోవాళ్ళకు షాపు పని మీద వేరే ఊరు వెళ్తున్నానని చెప్పాను. ఆయన నోట్లో నువ్వుగింజ నానదని వీధి వీధంతా ఎరిగిందే. అయినా ఎవరికీ చెప్పనని నెత్తిన చెయ్యి పెట్టుకుని ఒట్టేశారు కాబట్టి నమ్మాను. నమ్మడం తప్ప నాకు వేరే మనిషి లేడు.

2. సదరు ఓనరుగారికి నా గుండ్రటి స్టూలు. ఒక కాలు పొట్టి. దాని మీద కూర్చుని గిరాకీలకు రోజంతా నేను చెప్పిన మాట ఒక్కటే: "అద్దం వంక కాదండీ, అద్దంలోంచి చూడండి." కొత్తగా కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళు అద్దం మీద మరకనే చూస్తూ కూర్చుంటారు, ఎదురుగా ఉన్న అక్షరం కనబడలేదని గొడవ చేస్తారు. ఊళ్ళోవాళ్ళందరికీ చెప్పిన ఈ మాటను నేను చెప్పలేకపోయింది ఒక్కరికే, మా నాన్నగారికి. ఆయన పెట్టుకున్న అద్దాలు కూడా నేను అరగదీసినవే. చీటీ అక్క తెచ్చింది, కళ్ళజోడు అక్కే పట్టుకెళ్ళింది. బాగా కనబడుతున్నాయో లేదో ఇంతవరకూ కబురు రాలేదు.

3. నా మేడమీది గది తాళంచెవి, దాన్ని అద్దెకిచ్చిన ఇంటావిడకు. గోడకు మేకు కొట్టింది నేనే. నేను కాదని రెండేళ్ళుగా బుకాయిస్తూ వచ్చాను. ఆవిడ నన్ను తిడుతూనే ఆ మేకుకు తన గొడుగు తగిలిస్తూ వచ్చింది. కనుక మేకు ఉమ్మడి ఆస్తి.

4. అక్కకు నా పుస్తకాలన్నీ. చదవదని తెలుసు. బీరువా ఊగుతోందని ఒకసారి ఒకటి అడిగితే లావుపాటిది చూసి ఇచ్చాను, ఇంకా బీరువాలు కొనుక్కోవచ్చు. చిన్నప్పుడు నేను పడి మోకాలు చెక్కుకుంటే ముందు తిట్టి, తరవాత ఊదేది. ఈ సంగతి తెలిశాక కూడా అదే వరస పాటించాలని మనవి. వరస మారితే నాకు భయమేస్తుంది.

5. చర్చి వెనక రేకుల షెడ్డులో ఉన్న చెక్క చేప. దీని పుట్టుపూర్వోత్తరాలు చెప్పకపోతే వారసులకు అర్థం కాదు.

ఆదివారపు బడి పిల్లలకు పాఠం చెప్పేది అప్పట్లో నేనే. బైబిల్లో చేప కడుపులో మూడు రోజులుండి ప్రాణాలతో బయటపడ్డ ప్రవక్త కథను నాటకం వేద్దామన్నాను. రెండు దుప్పట్లు, నాలుగు కర్రలు ఇస్తే చేప తయారన్నాను. నాన్నగారు ఒప్పుకోలేదు. "ఎగతాళిగా ఉందా? ఇది పుక్కిటి పురాణం కాదురా, జరిగిన సంగతి. జరిగినట్టే ఉండాలి," అన్నారు. దర్జీ టేపు తెచ్చారు. సంఘంలో అందరికంటే భారీ మనిషైన కోశాధికారిగారిని నిలబెట్టి, చేతులు పైకెత్తమని, భుజాల కొలత తీసుకున్నారు. ఆయన పట్టేటట్టు చేప గొంతు, గొంతుకు తగ్గట్టు పక్కటెముకలు, వాటికి తగ్గట్టు తోక. ఎన్నో సాయంత్రాలు నాన్నగారు రంపం ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని కోశాం. అమ్మ పోయాక ఆయన అన్ని మాటలు మాట్లాడింది ఆ షెడ్డులోనే.

నాటకం రోజున చేపను మోసుకొచ్చాం. కోశాధికారిగారు చేపలో పట్టారు. చేప చర్చి తలుపులో పట్టలేదు. తల ముందు పెట్టాం, తోక ముందు పెట్టాం, ఏటవాలుగా వంచాం. చేప లోపలున్న కోశాధికారిగారు, "పాస్టరుగారూ, టేపు చేతిలో ఉన్నప్పుడే తలుపు కూడా చూసుకోవాల్సిందండీ," అన్నారు. జనం గొల్లుమన్నారు. అక్కడితో ఊరుకుంటే నేను నేనెలా అవుతాను? "కొలవనన్నాళ్ళూ ఈ చేప ఈ తలుపులోంచే వచ్చి పోయేది నాన్నా," అన్నాను. జనం ఇంకా నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఆ సాయంత్రం షెడ్డులో రంపపు పొట్టు ఊడుస్తూ, తల ఎత్తకుండా అడిగారు: "పురాణమంటావు. సరే. చేప పురాణమైతే, మూడో రోజు ఖాళీగా కనబడ్డ ప్రభువు సమాధి కూడా పురాణమే. మరి మీ అమ్మ ఎక్కడుందిరా?"

పురాణం అంటే అబద్ధం కాదని, మనిషి తన భయాన్నీ ఆశనూ పెట్టుకునే ఇల్లని కాలేజీలో పేజీల కొద్దీ చదువుకున్నాను. అందులో ఒక్క ముక్క కూడా ఆ షెడ్డులో, ఆ చీపురు ముందు, నోటికి రాలేదు. తరవాతి ఆదివారం నుంచి ఆయన బడి వేరేవాళ్ళకు అప్పగించారు. నేను మేడమీది గదికి మారాను. అప్పట్నించీ మా ఇద్దరి మాటలకూ అక్కే రహదారి.

చేపను పగలగొట్టి పొయ్యిలో పెట్టకూడదు. ప్రస్తుతం అందులో ఒక పిల్లి పిల్లలతో కాపురముంటోంది. దాని స్వాధీనానుభవానికి ఎవరూ ఆటంకం కలిగించరాదు.

6. మా నాన్నగారికి బూడిదరంగు దుప్పటి. ఇల్లు విడిచేటప్పుడు అడక్కుండా తెచ్చుకున్న వస్తువు ఇదొక్కటే. దొంగసొత్తును వీలునామాలో రాయవచ్చా అని అడిగితే గుమాస్తాగారు అటు తిరిగి పడుకున్నారు. ఇప్పుడు నా కాళ్ళ మీద ఉన్నది ఇదే. నర్సమ్మ చూసీ చూడనట్టు పోతోంది.

నాకు అయిదేళ్ళప్పుడు జ్వరమొస్తే, నాన్న నా పక్కన పడుకుని ఈ దుప్పటి ఇద్దరి తలల మీదుగా లాగి, "మింగేసింది," అనేవారు. లోపల చీకటి. ఆయన చొక్కా గంజి వాసన. చేప ఎంత పొడుగని నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ కడుపులోంచి ప్రవక్త పెట్టిన మొరను మాత్రం నా చెవిలో గుసగుసగా మొత్తం చెప్పేవారు. గ్రంథంలో ఉన్నదీ అంతే కదా. రాసినవాడు చేప కొలతలు రాయలేదు, లోపలివాడి ఏడుపు పొల్లు పోకుండా రాశాడు. ఏది ముఖ్యమో వాడికి తెలుసు. నాన్నకూ అప్పుడు తెలుసు.

మొర అయిపోయాక, "కక్కేసింది," అని దుప్పటి ఒక్కసారి లాగేసేవారు. ఎదురుగా వెలుతురులో అమ్మ పాలగ్లాసు పట్టుకుని నిలబడి ఉండేది. ప్రతిసారీ ఉండేది.

నాన్నా, ఆ రోజు మీరడిగినదానికి నా దగ్గరున్న జవాబు ఇదొక్కటే. అమ్మ ఎక్కడుందో నాకు తెలియదు. దుప్పటి తీసిన చోట ఉంటుందని నమ్ముతున్నాను. ఇది చరిత్రో పురాణమో మీరే తేల్చుకోండి. రేపు నేను పడుకోబోయేది ఈ నమ్మకం మీదే, నాకు ఇంకో పరుపు లేదు.

ఈ దుప్పటి ఒక షరతుకు లోబడి దాఖలు పడుతుంది. అక్క కూతురు పిడుగుకు అన్నీ అడిగే వయసు వచ్చింది. దాన్ని ఇందులోకి లాక్కుని ఈ కథ చెప్పాలి. "నిజంగా మింగిందా తాతయ్యా?" అని అడుగుతుంది. నిజంగానే మింగిందని చెప్పండి, నాకేమీ అభ్యంతరం లేదు. టేపు మాత్రం దుప్పటి బయట వదిలి రావాలి.

7. అవసరం పడితే నన్ను ఆ చర్చిలోంచే సాగనంపాలి. పెట్టె తలుపులో పడుతుందో లేదో దయచేసి ముందే కొలుచుకోండి.

అనుబంధం: పై ఏడు అంశాలూ రాసి, గుమాస్తాగారిని ఒక సాక్షిగా ఒప్పించి, రెండో సాక్షి కోసం నర్సమ్మ తీరిక చూసుకుంటుండగా, రోగులను చూడవచ్చే వేళ మొదలైంది. మా ఓనరుగారు గుమ్మం దగ్గర నేల చూపులు చూస్తూ నిలబడ్డారు. ఆయన ముందు మా నాన్నగారు.

నాన్నగారు లోపలికొచ్చారు. స్టూలు లాక్కుని కూర్చుని, నా చేతిలోంచి కాగితాలు తీసుకుని, నేను అరగదీసిన అద్దాల్లోంచి మొదటి నుంచీ చివరిదాకా చదివారు. ఆరో అంశం దగ్గర కళ్ళజోడు తీసి, చొక్కా కొసతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. చివరికి, "అయిదో దాంట్లో తప్పుంది. తల ముందు ఎక్కడ పెట్టాం? తోకే పెట్టాం," అన్నారు. ఇన్నాళ్ళకు నేరుగా నాతో అన్న మొదటి మాట ఇది. సరిదిద్దడం లేదు, ఉండనిస్తున్నాను.

ఆయన కలం అడిగారు. గుమాస్తాగారు లేచి కూర్చుని, "అయ్యా, సాక్షి సంతకం పెట్టినవారికి ఇందులో రాసింది దక్కదండీ. మీ దుప్పటి మీకు కాకుండా పోతుంది," అని హెచ్చరించారు.

"పోనివ్వండి," అన్నారు నాన్న. "కప్పుకునేవాడు ఉన్నాడుగా."

కనుక ఆరో అంశం రద్దయినట్టు ఇందుమూలంగా తెలియజేయడమైనది. పిడుగుకు కథ ఎవరు చెప్పాలన్నది ప్రస్తుతానికి తేలని వ్యాజ్యం.

తేదీ: ఆపరేషన్‌కు ముందురోజు, సోమవారం సాయంత్రం.

సంతకం: పాస్టరుగారబ్బాయి

సాక్షులు:
1. పక్క మంచం ప్లీడరు గుమాస్తా. (ఫీజు పుచ్చుకోలేదు. ఒక బత్తాయి పుచ్చుకున్నారు.)
2. రాసినవాడి తండ్రి. సంతకం కింద ఆయన సొంత దస్తూరీతో: బయట నేనుంటాను.