నా ఫోన్ తీసుకోని నీ మెమరీ కార్డు

అక్కా,

నువ్వు పోయాక ఆగిరిపల్లి తోటల్లో మొదటిసారి మామిడికాయ కోతకొచ్చాం. నీ ఫోన్ పాడైపోతే, అందులోని మెమరీ కార్డు తీసి నా పాత ఫోన్‌లో పెట్టాను. ఫార్మాట్ చేయమంది. చేస్తే నీ వీడియోలన్నీ పోతాయని భయమేసి నూజివీడులో షాపుకి పట్టుకెళ్లాను.

"కార్డు బానే ఉందమ్మా. ఇది నూట ఇరవై ఎనిమిది జీబీ. మీ ఫోన్ ముప్పై రెండు దాటితే తీసుకోదు," అంటూ షాపతను తన ఫోన్‌లో పెట్టి చూపించాడు.

తోటలో మనం అన్నాలు తింటున్నప్పటి వీడియో వచ్చింది. తీసింది నువ్వు కాబట్టి అందులో నువ్వు లేవు. ఏది చూసినా అంతే, అన్నిట్లో నేనే ఉన్నాను. నీ గొంతు మాత్రం వినపడింది.

"ఒసేయ్ చిన్నీ, ఇటు చూడవే!"

షాపులో అంతమందిలో నిలబడి, "ఏంటక్కా," అంటూ వెనక్కి తిరిగాను.