మూడో పిల్ల పేరు

ధర్మవరం

చిరంజీవి శివకృష్ణను అక్క ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమమే. నువ్వు క్షేమమా అని ఈసారి అడగను. నీకేమి, రాజాలాగా ఉంటావు. ఫోన్ చేస్తే "అక్కా" అని గొంతు మెత్తగా చేస్తావు, నా కోపం కాస్తా చల్లారిపోతుంది. అందుకే ఉత్తరం.

మెసేజ్‌లో నువ్వడిగినవాటికి ముందు జవాబు. మగ్గం నడుస్తోంది. మీ బావకు మోకాలి నొప్పి తగ్గింది. భాగ్యకు ఇస్తానన్న పట్టుచీర ఇంకా మగ్గం మీదే ఉంది. ఇక "బిడ్డ పేరు ఎట్లుండాదక్కా?" అన్నావే, దానికి చెబుతాను, విను.

తృప్తి! హిందూపురంలో మీ ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారన్నావు. సంస్కృతమట, మోడరనట, ఇంటర్నెట్‌లో వెదికి తీశావట. ఇంటర్నెట్ దాకా ఎందుకురా? నన్నడిగితే చెప్పేదాన్ని కదా, ఆ పేరు కన్నడ సరిహద్దున మన ఊళ్ళో, అగళిలోనే పుట్టిందని. ఇద్దరు ఆడపిల్లల తర్వాత నేను పుడితే, నాయన నా మొహమైనా చూడకుండా కన్నడంలో "సాకు" అన్నాడు. చాలు అని. అదే నా పేరయింది. మా తరగతిలో ముగ్గురం సాకమ్మలం ఉండేవాళ్ళం. టీచరు పిలిస్తే ముగ్గురమూ లేచేవాళ్ళం, మగపిల్లలు "చాలు, చాలు" అని నవ్వేవాళ్ళు. నా తర్వాత నువ్వు పుట్టావు. పేరు పనిచేసిందని అవ్వ ఊరంతా బెల్లం పంచింది.

మొన్న పెనుకొండలో, భాగ్య పుట్టింట్లో బిడ్డను తొట్టెలో వేసిన రోజు, నీ స్నేహితునితో నువ్వన్న మాట నా చెవిన పడింది. "ఇంగ చాలప్పా, మూడూ ఆడపిల్లలే. ఆ మాట దేవునికి తెలియల్లని ఈ పేరు పెడ్తాండా." భాగ్య కూడా వింది. తల వంచుకుని బిడ్డ బట్టలు సర్దుతూ కూర్చుంది. సిగ్గు లేదురా నీకు? నన్ను చూస్తూ పెరిగినవాడివి! నా పేరే అది. పాత చీరకు కొత్త జరీ అంచు కుట్టి నా కళ్ళకే గంతలు కడతావా?

ఇంకో మాట. ఆ రోజు గొడవెందుకని చెప్పలేదు. మేనత్త చెవిలో చెప్పిందే బిడ్డ పేరు కదా మనలో. "చెప్పక్కా" అని నువ్వంటే తొట్టెలోకి వంగాను. తృప్తి అని చెప్పలేదు. మూడుసార్లూ "ఆద్య" అనే చెప్పాను. ఆద్య అంటే మొదటిది. పక్కనున్న భాగ్య విని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను చెప్పినప్పుడు బిడ్డ మేలుకునే ఉంది. నువ్వు అందరికీ తృప్తి అని అరిచి చెప్పేసరికి నిద్రపోయింది.

సర్టిఫికెట్‌లో ఇంకా రాయించలేదని భాగ్య చెప్పింది. ఆద్య అని రాయించు. లేదంటే చీర తీసుకుని నేనే వస్తాను. మీ గడప ముందర నిలబడి, నా పేరుకు అర్థమేమిటో, ఆ పేరు పెట్టాక పుట్టినవాడు ఎవరో, మీ వీధి వీధంతటికీ చెబుతాను.

ఇట్లు,
నాయన చాలన్న నీ అక్క,
సాకమ్మ