ఖాళీ బిందెల ఫోటో

కరీమన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన స్టూడియో నేనొక్కడినే నడుపుతున్నాను. మొన్న నేను చేసిన పాడుపని నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను.

మదనపల్లెలో ఒక క్లబ్బు సెక్రటరీ, పోటీకి పంపాలని కరువు మీద పెద్ద ఫోటో తీయించాడు. కురబలకోట పక్క పల్లెలో నలభై మంది ఆడవాళ్లు కూలి మానుకుని సాయానికొచ్చారు. ఖాళీ బిందెలతో కెమెరాకు ఎదురు నడవాలి. ఖాళీ బిందె ఎదురైతే మాకు కీడని, ఉన్న ఒక్క బావిలో అడుగున మిగిలిన నీళ్లు తోడి తలా ఇన్ని పోసుకొచ్చారు.

"కరువు ఫోటోలో నీళ్లేందికమ్మా? పారబోయండి!" అన్నాడు సెక్రటరీ.

"తాగే నీళ్లప్పా," అంది ఒక ముసలమ్మ.

ఆమె బిందె లాక్కుని తనే వంచేశాడు. మిగతావాళ్లూ వంచారు.

"నేల తడి కనపడతాండాది, కెమెరా అట్ల జరుపు," అన్నాడు నాతో.

నువ్వైతే కెమెరా మూసి బస్సెక్కేవాడివి. నేను జరిపి, నొక్కాను. థూ!

ఇవాళ అతనొచ్చి, "రీలు కడిగినావా?" అని అడిగాడు. రీలు కడగాలంటే ఎన్ని బకెట్లు పడతాయో నీకు తెలుసు. డార్క్‌రూంలో కుళాయి ధారగా కారుతూనే ఉంది.

"నీళ్లు లేవు సార్," అన్నాను.